పదకొండో రోజు కాగితం

మోటార్ల మేస్త్రి జన్మలో ఏ పనికీ ఆలస్యం చేసిన మనిషి కాదు. పదింటి బస్సుకు తొమ్మిదింటికే వెళ్ళి నిలబడేవాడు. ఎవరైనా కాలిపోయిన మోటారు తెచ్చి "బుధవారానికి కావాలి మేస్త్రీ" అంటే, మంగళవారం సాయంత్రానికే పాత తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టి, గుడ్డతో తుడిచి మరీ బల్ల మీద పెట్టేవాడు. నూట ఇరవై చుట్లంటే నూట ఇరవై చుట్లే. ఒకటి తగ్గినా ఒప్పుకునేవాడు కాదు. పక్క కొట్లవాళ్ళు "ఎవడు విప్పి చూడొచ్చాడయ్యా?" అని నవ్వేవాళ్ళు. "చుట్టింది నేను కదా, నాకు తెలుసు కదా" అనేవాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ వార్నిష్ పొగ పీల్చాడు. అది చాలదన్నట్టు సిగరెట్ల పొగ కూడా పీల్చాడు. రెండూ కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయి. మూడేళ్ళ కిందట డాక్టరు ఆయన భుజానికి ఒక యంత్రం తగిలించాడు. బడిపిల్లల సంచంత ఉంటుంది. గాల్లోంచి ఆక్సిజన్ని వడగట్టి, సన్నటి గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల 'టక్'మంటుంది. మొదటిరోజే మేస్త్రి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, "దీని మోటారు మంచిదేనండీ, బేరింగు కూడా బాగుంది" అన్నాడు డాక్టరుతో. "మీదీ అలాగే ఉంటే నాకు పని తప్పేది" అన్నాడు డాక్టరు.

ఆయనకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే కొట్లో పీట వేసుకుని కూర్చుని చుట్లు లెక్కపెట్టేది. నాన్న చెయ్యి తిరుగుతుంటే పైకి లెక్కపెడుతూ, మధ్యలో కావాలని ఒక అంకె దాటేసేది. మేస్త్రి టక్కున చెయ్యి ఆపేసేవాడు. పిల్ల కిలకిలా నవ్వేది. అందుకే దానికి 'లెక్కలమ్మ' అని పేరు పెట్టాడు. లెక్కలమ్మ పెద్దదై, దూరంగా ఒక నగరంలో నీళ్ళ శాఖలో ఇంజనీరైంది. రోడ్ల కింద పైపులు ఎక్కడ కారుతున్నాయో కనిపెట్టడం ఆమె పని. ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి. ఒక్కతే ఉంటుంది, అది ఆమె ఇష్టం. అలాంటి పిల్లకు కాలేయంలో కాన్సర్ అని, అదీ చెయ్యి దాటిపోయాక తెలిసింది. వాళ్ళమ్మ ఆ వార్త విన్న మర్నాడే విమానమెక్కి వెళ్ళిపోయింది.

మేస్త్రి మాత్రం వెళ్ళలేకపోయాడు. రైల్లో అయితే రెండు రోజుల ప్రయాణం. అంతసేపు యంత్రం బ్యాటరీ ఆగదు, పెట్టెలో ప్లగ్గు పనిచేస్తుందన్న నమ్మకం లేదు. డాక్టరు వద్దన్నాడు. ఇక మిగిలింది విమానం. ఆక్సిజన్ సిలిండరు ఎక్కనివ్వరు, యంత్రాన్ని ఎక్కనిస్తారు. కానీ దానికి సవాలక్ష షరతులు. రెండు రోజుల ముందే విమానం వాళ్ళకు చెప్పాలి. ప్రయాణం ఎంతసేపో దానికి ఒకటిన్నర రెట్లు నడిచేలా బ్యాటరీలుండాలి. పైన గాలి పలచబడితే ఈయన తట్టుకుంటాడో లేదో పరీక్ష చేసి డాక్టరు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి.

మూడో తారీఖు సోమవారం నాడే మేస్త్రి పరీక్ష చేయించుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. ఇక బ్యాటరీలు. ప్రయాణం మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. ఒక్కో బ్యాటరీ రెండు గంటలొస్తుంది. మూడు కావాలి, ఉన్నది ఒకటి. మిగతా రెండూ ఎక్కడో గోడౌన్ నుంచి రావాలన్నాడు షాపతను. "నాలుగు రోజులు మేస్త్రి గారూ" అన్నవాడు పది రోజులు తిప్పాడు. పదమూడో తారీఖున బ్యాటరీలు చేతికొచ్చాయి. మేస్త్రి వాటిని నింపి, ఒక్కోదాన్నీ గడియారం పెట్టుకుని నడిపి చూసుకున్నాడు. మర్నాటికి, శుక్రవారానికి, ముందే టికెట్లు తీసి ఉంచాడు. విమానం వాళ్ళకు రెండు రోజుల ముందే ఫోన్లో యంత్రం మోడలూ, బ్యాటరీల సంఖ్యా చెప్పి ఉన్నాడు. కాగితం కౌంటర్లో చూపిస్తే చాలన్నారు.

తోడుగా బావమరిది బయల్దేరాడు. భార్యకు తమ్ముడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కుదురుగా కూర్చోలేని మనిషి, నోరు ఊరుకోదు.

"బావా, నేను ముప్ఫై ఏళ్ళు జనానికి టికెట్లు కొట్టాను. ఇవాళ మొదటిసారి నాకొకడు కొడతాడు" అన్నాడు టాక్సీ ఎక్కుతూ.

"నోరు మూసుకుని సంచీ పట్టుకో" అన్నాడు మేస్త్రి. కానీ నవ్వాడు. మూడు వారాల తర్వాత నవ్వడం అదే.

దారిలో ఊసుపోక బావమరిది ఆ ప్లాస్టిక్ కవరు తీశాడు. కాగితం ముందుభాగం చదివాడు. తిప్పి వెనక కూడా చదివాడు, కండక్టరు బుద్ధి. కాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడమే మేస్త్రికి అనుమానం తెప్పించింది.

"ఏమిట్రా?"

"బావా, సంతకం పెట్టిన పది రోజుల్లోపే ప్రయాణం చెయ్యాలట. ఇక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో రాసి చచ్చాడు."

మేస్త్రి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడు నుంచి పద్నాలుగు. పదకొండు రోజులు.

యంత్రం టక్ టక్ మని తొందరగా కొట్టుకుంది.

బావమరిది టాక్సీ డ్రైవరుకు వినపడకుండా దగ్గరికి జరిగాడు. "బావా, ఇది మూడు కదా. ఎడమపక్క ఒక్క గీత గీస్తే ఎనిమిది. నా జేబులో అదే రంగు పెన్నుంది. నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చో, చాలు."

మేస్త్రి కిటికీలోంచి బయటికి చూశాడు. వంతెన దాటుతున్నారు. చూసినంతసేపూ బావమరిది పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు.

"వద్దురా" అన్నాడు చివరికి. "డాక్టరు సంతకం పక్కన మనం రాయడమేమిటి? ఆయన పేరు పోతుంది. ఉన్నమాట చెబుదాం. ఒక్క రోజే కదా తేడా. వాళ్ళూ మనుషులే కదా."

"మనుషులే బావా. కానీ కౌంటరు వెనక కూర్చున్న మనుషులు. ఆ కుర్చీ సంగతి నీకు తెలీదు, నాకు తెలుసు."

మేస్త్రి ఒప్పుకోలేదు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి మంచి పిల్ల. ఆయన ముక్కుకున్న గొట్టం చూడగానే లేచి కుర్చీ తెప్పించింది. బ్యాటరీలు చూసి "మూడు తెచ్చారా, మంచిదండీ" అంది. కాగితం చూసింది. తారీఖు దగ్గర ఆమె వేలు ఆగింది. మేస్త్రి ఏదీ దాచలేదు. బ్యాటరీలు ఆలస్యమవడం, కూతురి సంగతి, అన్నీ చెప్పాడు. చెబుతూ రెండుసార్లు ఊపిరి కోసం ఆగాల్సి వచ్చింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆ పెద్దాయన ఇంకో పెద్దాయనకు ఫోన్ చేశాడు. ఫోన్లో చాలాసేపు "అవును సార్, ఒక్క రోజే సార్" అన్నాడు. తర్వాత "సరే సార్" అన్నాడు.

"పైన మీకేమన్నా అయితే మా పైలట్ బాధ్యుడవుతాడండీ" అన్నాడు మేస్త్రితో, కళ్ళలోకి చూడకుండా. "కొత్త కాగితం తెచ్చుకోండి. మొట్టమొదటి సీటు మీకే ఇస్తాం."

బావమరిది నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. అరిచాడు, బతిమాలాడు, తనూ ప్రభుత్వ బస్సుల్లో చేసినవాణ్ణేనన్నాడు. మేస్త్రి ఆయన చెయ్యి పట్టుకుని లాగాడు. "ఊరుకోరా. వాళ్ళు చెప్పింది తప్పు కాదు." ఆ మాట అంటుంటేనే ఆయనకు ఏడుపొచ్చింది. తప్పు కాదు గనకే ఎవరినీ తిట్టడానికి కూడా లేకుండా పోయింది. కౌంటరు అమ్మాయి గుప్పిట్లో టిష్యూ కాగితం నలుపుతూ నిలబడింది.

అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు ఏదో సభకని ఊరెళ్ళాడు, సోమవారం గాని రాడు. ఆయన బదులు ఉన్న కుర్ర డాక్టరు పాపం చాలాసేపు ఆలోచించి, "పరీక్ష చెయ్యకుండా నేను పెట్టలేనండీ. ఆ గది తాళం సోమవారమే తీస్తారు" అన్నాడు. సోమవారం సంతకమయ్యాకే విమానం వాళ్ళకు చెప్పాలి, పైగా రెండు రోజుల ముందు చెప్పాలన్న షరతు ఒకటి ఉంది గదా. అంటే బుధవారం.

ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేశాడు.

"నాన్నా, దిగావా?" అంది. గొంతు సన్నబడిపోయింది గానీ అది లెక్కలమ్మ గొంతే.

"లేదమ్మా. విమానం... బుధవారానికి మార్చారు."

అబద్ధం కాదు, నిజమూ కాదు. పెన్ను పట్టుకోనన్న నోటితోనే ఆ మాట అన్నాడు.

"మామయ్య ఏం గొడవ చేశాడేమిటి, నిన్ను కూడా దింపేశారా?" అంది. ఇద్దరూ నవ్వబోయారు. ఇటు ఈయనకు ఊపిరందలేదు, అటు ఆమెకు అందలేదు. ఫోన్లో కాసేపు రెండు ఊపిర్లే వినబడ్డాయి. "రా నాన్నా" అంది చివరికి. "పర్వాలేదులే. బుధవారమే రా."

శనివారం రెండు నిమిషాలు మాట్లాడింది. ఆదివారం "ఊఁ" అంది, అంతే. సోమవారం మేస్త్రి ఆస్పత్రిలో పరీక్ష గొట్టం నోట్లో పెట్టుకుని ఊదుతుండగా ఫోన్ మోగింది. బావమరిది బయటికి తీసుకెళ్ళి మాట్లాడాడు. నొప్పి ఆగడం లేదని పెద్ద మందు మొదలుపెట్టారట. నిద్రలోకి వెళ్ళిపోయిందట. ఇక పెద్దగా లేవకపోవచ్చన్నారట. బావమరిది లోపలికొచ్చి, పరీక్ష పూర్తయ్యేదాకా గోడను చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రి ఆయన వీపు చూసి అర్థం చేసుకున్నాడు. అయినా ఊదడం ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి.

బుధవారం కౌంటర్లో అదే అమ్మాయి. కాగితం వైపు సరిగ్గా చూడను కూడా లేదు, ముద్ర కొట్టేసింది. చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ విమానం తలుపుదాకా వచ్చింది. తలుపు దగ్గర ఆగి, "మీ అమ్మాయికెలా ఉందండీ?" అని అడిగింది.

"నిద్రపోతోందమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆ అమ్మాయికి అర్థమైంది. కుర్చీ బ్రేకు వేసి, ఆయన భుజం మీద గొట్టం మెలిపడితే సరిచేసి వెళ్ళిపోయింది.

కిటికీ సీటిచ్చారు, గొట్టం ఎవరి కాళ్ళకూ అడ్డం రాకుండా. యంత్రం ముందుసీటు కింద పెట్టుకున్నాడు. బావమరిది అటూ ఇటూ చూసి, "నిలబడి వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు బావా, ఇదేం సర్వీసు!" అన్నాడు. మేస్త్రి నవ్వుతాడేమోనని చూశాడు. నవ్వలేదు. ఆ తర్వాత మూడు గంటలు ఆ మనిషి నోరు మెదపలేదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే చిన్న క్లిప్పు బావ వేలికి తగిలించి, దాని మీద అంకె చూస్తూ కూర్చున్నాడు. తొంభై రెండు. తొంభై. పైకి వెళ్ళాక ఎనభై ఏడు. మేస్త్రి యంత్రం మీద మీట ఒక మెట్టు పెంచాడు. మళ్ళీ తొంభై.

కిందికి చూస్తే మబ్బులు. తల పట్టేసింది, పెదాలు తిమ్మిరెక్కాయి. రెండో బ్యాటరీ సగం దగ్గరుంది, మూడోది ముట్టుకోలేదు. నిజానికి రెండున్నా చాలేవి. ఒక్క బ్యాటరీతో, మధ్యలో ఎవరైనా ప్లగ్గు ఇచ్చినా చాలేదేమో. శుక్రవారం ఇదే సీటు ఖాళీగా వెళ్ళి ఉంటుందనుకున్నాడు. విమాన సహాయకురాలు వంగి "బాగానే ఉన్నారా?" అని అడిగింది. "బాగానే ఉన్నానమ్మా" అన్నాడు.

ఆస్పత్రి నాలుగో అంతస్తులో, కిటికీ పక్క మంచం. మేస్త్రి భార్య తలుపు దగ్గరే ఎదురొచ్చింది. మూడు వారాల్లో పదేళ్ళు పైబడినట్టుంది. "వచ్చారా" అంది, అంతే. పక్కకు తప్పుకుంది.

మంచంలో లెక్కలమ్మ చిన్నపిల్లలా అయిపోయింది. ఆమె ముక్కుకూ గొట్టం ఉంది, గోడలోంచి వస్తున్న ఆక్సిజన్. మేస్త్రి కుర్చీ జరుపుకుని కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళ మీద ఎండలో తిరిగిన నలుపు ఇంకా పోలేదు.

"లెక్కలమ్మా. నాన్నను. వచ్చానమ్మా."

కనురెప్పలు కదలలేదు. చెవులకు వినబడుతుందని నర్సు చెప్పింది, మాట్లాడమంది. మేస్త్రి మాట్లాడాడు. ఏం మాట్లాడాలో తెలీక, ఆమె పెట్టించిన కొట్టు షట్టరు తుప్పు పట్టిందనీ, పక్కింటివాళ్ళు గోడకు సున్నం వేయిస్తున్నారనీ చెప్పాడు. మామయ్య విమానంలో సీటు బెల్టు విప్పడం రాక తంటాలు పడ్డాడని చెప్పాడు. ఊపిరి చాలక ఆగినప్పుడల్లా గదిలో ఆయన యంత్రం చప్పుడొకటే మిగిలేది. రెండు రోజులు అలాగే కూర్చున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం, నర్సు దుప్పటి మార్చి వెళ్ళిన పది నిమిషాలకు, ఆమె ఊపిరి ఒకటి వచ్చి, తర్వాతది రాలేదు. మేస్త్రి దాని కోసం చాలాసేపు చూశాడు. భార్య ఆయన చేతిలోంచి కూతురి చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టేదాకా చూస్తూనే ఉన్నాడు.

అన్నీ అయిపోయాక ముగ్గురూ కూతురి ఫ్లాటుకు వెళ్ళారు. రెండు గదులు. గోడ నిండా పైపుల పటాలు, వాటి మీద ఎర్ర పెన్సిలుతో సున్నాలు. ఆ సున్నాలన్నీ నీళ్ళు కారుతున్న చోట్లు. సామాన్లు సర్దాలి. బావమరిది పుస్తకాలు పెట్టెలో పెడుతూ పెడుతూ, ఉన్నట్టుండి కింద కూలబడి భోరుమన్నాడు.

"అక్కా, ఆ రోజు నేను గీసేయాల్సిందే. బావని అడక్కుండా గీసేయాల్సిందే."

"ఏమిట్రా గీసేది?"

బావమరిది దాచుకోలేకపోయాడు. టాక్సీ, తారీఖు, పెన్ను, అన్నీ చెప్పేశాడు. మేస్త్రి అడ్డుపడలేదు.

ఆవిడ చేతిలో కూతురి చీర సగం మడతలో ఉంది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆవిడ ఆయన్ని పల్లెత్తు మాట అన్నది లేదు.

"ఒక్క గీత" అంది. "ఒక్క గీత గీయలేకపోయారా?"

మేస్త్రి నోరు తెరిచాడు. చుట్టింది నేను కదా అన్న పాత మాట ఏదో లోపల కదిలింది. అది ఆ గదిలో అనగలిగిన మాట కాదు. తలొంచుకున్నాడు.

"విమానం వాళ్ళు మార్చారనుకున్నాను. మీ చేతుల్లో లేదనుకున్నాను. నాలుగు రోజులు దానికి అదే చెప్పుకొచ్చాను." చీర మడత పెట్టలేక అలాగే ఒళ్ళో పడేసుకుని గోడవైపు తిరిగింది.

రెండు రోజులు ఆవిడ మాట్లాడలేదు. వేళకు అన్నం పెట్టింది, యంత్రం ప్లగ్గులో పెట్టింది, మందులు చేతిలో పోసింది. మాట మాత్రం లేదు. మేస్త్రి క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. అంత బరువు కూడా ఆవిడ మీద పెట్టదలుచుకోలేదు. మళ్ళీ ఆ టాక్సీలో కూర్చుంటే ఏం చేస్తానని తనను తాను అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి గీస్తాననిపించేది. ఒకసారి చెయ్యి రాదనిపించేది. ఏది నిజమో తేలలేదు.

మూడోరోజు పొద్దున్నే బావమరిది తిరుగు టికెట్ల కోసం బయటికి వెళ్ళాడు. ఆవిడ ఖాళీ గదిలో నేల తుడుస్తోంది. మేస్త్రి గొట్టం ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్కటి అడుగుతాను. ఇష్టం లేకపోతే చెప్పకు."

ఆవిడ తుడవడం ఆపలేదు.

"ఆ శుక్రవారం నుంచి సోమవారం దాకా అది ఏమేం మాట్లాడిందో నాకు చెప్పు. నాకు వినబడింది ఫోన్లో నాలుగు ముక్కలే. మిగతాది నీ దగ్గరుంది."

ఆవిడ చెయ్యి ఆగింది. చాలాసేపు తడి నేలకేసి చూసింది. తర్వాత గుడ్డ బకెట్లో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, గోడకు జారబడి కూర్చుంది.

"వింటే మీరు తట్టుకోలేరు" అంది.

"తట్టుకోను. అయినా చెప్పు."

ఆయన కూడా కష్టపడి నేల మీద కూర్చున్నాడు, ఆవిడకు ఎదురుగా, యంత్రం ఒళ్ళో పెట్టుకుని. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"శుక్రవారం పొద్దున్నే లేపింది" అంది. "నాన్న వస్తాడు, జుట్టు దువ్వమ్మా అంది. దువ్వాను. చిక్కులు పడిపోయింది, నొప్పి పెడుతుందేమోనని మెల్లగా దువ్వాను. మంచం కిటికీ వైపు తిరిగి ఉంటే, తలుపు కనబడేలా తిప్పించమంది. నర్సులిద్దరొచ్చి తిప్పారు. తలుపు తీసిన ప్రతిసారీ..."

అక్కడ ఆగిపోయింది. మేస్త్రి ఆవిడ కళ్ళు తుడుచుకునేదాకా ఆగాడు.

"ఊఁ" అన్నాడు. "తలుపు తీసిన ప్రతిసారీ?"

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.